స్వయం ఉపాధి: నడుస్తున్న మరకు వెల కట్టడం



గత సంచికలో బ్యాంకు ఋణం కొరకు ప్రాజెక్టు నివేదిక ఎట్లా తయారు చేసుకోవాలో ముచ్చటించుకున్నాము. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే సందేహాన్ని వెలిబుచ్చాయి. కొత్తగా పరిశ్రమ స్థాపించే ఓపిక లేదు, ఎవరో నడుపుతున్న వ్యాపారం అమ్మకానికి వచ్చింది, దానిని కొనవచ్చునా, కొంటే ఎంతకు కొనవచ్చును అన్నదే ఆ సందేహం. పదవీ విరమణకు దగ్గరపడుతున్న మిత్రులే కాక, చదువు పూర్తయి ఇంటి పట్టున ఉన్న బిడ్డల కొరకు తల్లులు కూడా వ్రాశారు. అందుచేత ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాను.

జవాబు చెప్పడానికి ముందు నా అర్హత ఎంతో చెప్పుకోవడం ధర్మం. చాలా సంవత్సరాల క్రితం స్వచ్ఛంద పదవీ విరమణ పొందిన మిత్రుడొకరు, అమ్మకానికి వచ్చిన ఒక చిన్న లేతు వర్క్‌షాపును చూపించి నా అభిప్రాయం అడిగారు. నేను రోజంతా అక్కడే కూర్చుని లేతు బెడ్డు అరుగుదలను కొలిచాను, స్పిండిల్‌లో లూజు ఎంత ఉన్నదో చూచాను, మోటారు ఇన్సులేషన్ పరీక్షించాను. కొత్త యంత్రం ధరలో నుండి తరుగుదల తీసివేసి, యజమాని అడుగుతున్న ధర న్యాయమైనదేనని కాగితం మీద వ్రాసి సంతకం చేసి ఇచ్చాను. యంత్రాల విషయంలో నా లెక్క తప్పలేదు. కాని అమ్మిన వ్యక్తి మూడు నెలలు తిరగకముందే రెండు వీధుల అవతల మరొక షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. పాత ఖాతాదారులందరూ ఆయన వెంటే వెళ్ళిపోయారు. నా మిత్రుని వద్ద మంచి లేతు మిగిలింది, పని మిగలలేదు. గ్రాట్యుటీ సొమ్ములో అధిక భాగం అట్లా కరిగిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనియుంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

మన దేశంలో ఇందుకు చట్టపరమైన రక్షణ లేకపోలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒక మనిషిని వృత్తి చేయవద్దని నిర్బంధించే ఒప్పందం చెల్లదు. అయితే అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కలదు. వ్యాపారపు పేరు ప్రతిష్ఠలను, అనగా మనం గుడ్‌విల్ అనేదానిని, ధర పుచ్చుకుని అమ్మిన వ్యక్తి, కొన్నవాడు ఆ వ్యాపారం నడుపుతున్నంత కాలం ఫలానా ప్రాంతంలో అదే వ్యాపారం పెట్టనని ఒప్పుకోవచ్చును. హద్దులు సమంజసంగా ఉన్నచో న్యాయస్థానం ఆ ఒప్పందాన్ని మన్నిస్తుంది. ఒక్క వాక్యం వ్రాయించుకుంటే సరిపోయేది. ఇంజనీరునైన నాకు ఆ సెక్షన్ సంగతి అప్పుడు తెలియదు, తెలుసుకోవాలన్న ధ్యాస కూడా కలుగలేదు. యంత్రాన్ని చూస్తే వ్యాపారాన్ని చూచినట్లేననుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. 2024 జనవరిలో మన వర్క్‌షాపులో కాంట్రాక్టు కార్మికునిగా పనిచేసిన ఒకాయన తన కుమారుని వెంటబెట్టుకుని మా క్వార్టరుకు వచ్చాడు. వారి స్వస్థలం ఉసూర్. బస్తర్ ప్రాంతంలో, 2007లో దంతెవాడ నుండి విడిపోయి ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో ఉన్నది. బీజాపూర్ నుండి ఆవపల్లి మీదుగా వెళ్ళాలి. దక్షిణాన కొండలు దాటితే తెలంగాణలోని వెంకటాపురం, చర్ల మండలాలు వస్తాయి. అక్కడి దోర్లలు మాట్లాడే భాషకు మన వైపు కోయభాషతో దగ్గర చుట్టరికం ఉన్నది. సంతలో తెలుగు, హిందీ, గోండీ కలిసే వినిపిస్తాయి. ఏటా మిరపకాయలు ఏరే రోజులలో అక్కడి కుటుంబాలు గోదావరి ఒడ్డు తోటలకు కూలికి వస్తాయన్న సంగతి ఖమ్మం వైపు పాఠకులకు తెలిసినదే.

కుర్రవాడు ఐ.టి.ఐ.లో ఫిట్టర్ పూర్తి చేశాడు. ఉసూర్‌లో ఒక ధాన్యం మర అమ్మకానికి వచ్చిందట. హల్లరు, దానికి డీజిలు ఇంజను, పక్కనే ఒక పిండిమర, కారం పట్టే చిన్న మర. యజమాని గోదావరి ఒడ్డు నుండి వెళ్ళి స్థిరపడిన షావుకారు. వయస్సు మీరడంతో పిల్లల దగ్గరకు వెళ్ళిపోదలచాడు. నాలుగు లక్షల యాభై వేలు అడుగుతున్నాడు. "సంవత్సరానికి రెండు లక్షల నలభై వేలు మిగులుతున్నదట సార్. రెండేళ్ళలో పెట్టుబడి తిరిగి వచ్చేస్తుంది" అన్నాడు కుర్రవాడు. అతని చేతిలో ఇంజను ఫోటోలున్నాయి. ఇంజను కండిషన్ చూచి ధర చెప్పమని అడగడానికి వచ్చారు. ఒకప్పుడు నేను చేసిన పని సరిగ్గా అదే కదా. ఈసారి ఫోటోలు పక్కన పెట్టి, షావుకారు చిట్టా ఉంటే తెమ్మన్నాను. తరువాతి వారం నేనే వెళ్ళాను.

షావుకారు మర్యాదస్తుడు. చిట్టా దాచలేదు. 2022–23 సంవత్సరపు లెక్కలను, అంకెలు గుండ్రంగా మార్చి, ఇక్కడ ఇస్తున్నాను. కోతలు ముగిసిన డిసెంబరు, జనవరి నెలలలో మర ఆడించిన కూలి నెలకు 45 వేల రూపాయల చొప్పున వచ్చింది. జనం మిరప తోటలకు వెళ్ళిపోయే ఫిబ్రవరి, మార్చి నెలలలో 30 వేల చొప్పున. ఇప్పపువ్వు, తునికాకు డబ్బు చేతిలో ఆడే ఏప్రిల్, మే నెలలలో 25 వేల చొప్పున. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానాకాలం నాలుగు నెలలూ 12 వేల చొప్పున. అక్టోబరు, నవంబరులలో 21 వేల చొప్పున. మొత్తం 2 లక్షల 90 వేలు. ఊకతవుడు అమ్మకం 70 వేలు. వెరసి 3 లక్షల 60 వేలు. ఇందులో డీజిలుకు 84 వేలు, సహాయకునికి 36 వేలు పోగా 2 లక్షల 40 వేలు మిగిలాయి. షావుకారు చెప్పినది అక్షరాలా నిజం.

నిజమే గాని అది సంపూర్ణమైన లెక్క కాదు. జల్లెడలు, బ్లేడు, బెల్టులు, బేరింగులు, ఇంజనుకు రింగులు, లైనరు: వీటికి సంవత్సరానికి 30 వేలు అవుతున్నది. షావుకారు దానిని ఇంటి ఖర్చు పద్దులో వ్రాసుకున్నాడు. పది సంవత్సరాలకొకసారి యంత్రాలు మార్చుకోవాలనుకుంటే ఏటా 20 వేలు తీసి ఉంచాలి. అన్నిటికంటె పెద్ద పద్దు చిట్టాలో ఎక్కడా లేదు. అది షావుకారు జీతం. ఉదయం ఆరు గంటలకు ఇంజను త్రిప్పేది ఆయనే, తూకం వేసేది ఆయనే, రాత్రి గ్రీజు పెట్టేది ఆయనే. మన కుర్రవాడు మర కొనకుండా ఏదైనా వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరితే నెలకు 12 వేలు తెచ్చుకోగలడు. సంవత్సరానికి 1 లక్షా 44 వేలు. మర కొన్న రోజున ఆ సంపాదనను వదులుకుంటున్నాడు కనుక, మర ఆ సొమ్మును ముందుగా అతనికి చెల్లించాలి. మరమ్మతులు, తరుగుదల, జీతం కలిపి 1 లక్షా 94 వేలు. 2 లక్షల 40 వేలలో నుండి తీసివేయగా మిగిలేది 46 వేలు. అదీ ఆ వ్యాపారం సంపాదిస్తున్నది. తక్కినది మనిషి సంపాదిస్తున్నది.

ఈ భేదాన్ని మన ఉద్యోగ మిత్రులు తొందరగా గ్రహించలేరని నా అనుభవం. ప్రతి నెలా మొదటి తారీఖున జీతం పడే అలవాటు ఉన్నవారికి, మనమే యజమానులమైన చోట కూడా జీతం ఒక ఖర్చేనని తోచదు. వ్యాపారం అమ్మేవాడు తన సొంత శ్రమను కూడా లాభంలో కలిపి, ఆ మొత్తానికి ధర అడుగుతాడు. కొన్నవాడు రేపటి నుండి తాను పడబోయే శ్రమకు ఈనాడే ఎదుటివానికి డబ్బు చెల్లించినట్లవుతుంది.

46 వేలు మిగిల్చే వ్యాపారానికి వెల ఎంత? దీనికి పుస్తకాలలో పలు పద్ధతులున్నాయి. ఇరుగుపొరుగున అటువంటి వ్యాపారం ఎంతకు అమ్ముడుపోయిందో చూచేది ఒకటి. ఉసూర్‌లో అట్లా పోల్చడానికి మరొక మర అమ్మకం లేదు కనుక దానిని వదలివేశాను. మిగులును కొన్ని సంవత్సరాలతో హెచ్చవేసేది రెండవది. ఎన్ని సంవత్సరాలు? పెట్టుబడి ఎంత కాలంలో తిరిగి రావాలని కోరుకుంటామో అన్ని. నిలకడగల పట్టణంలో, వ్రాతపూర్వక లెక్కలున్న దుకాణానికి ఐదారేళ్ళు ఆగవచ్చును. ఉసూర్‌లో నేను మూడు, నాలుగు సంవత్సరాలకు మించి ఒప్పుకోలేదు. 2005 జూన్‌లో సల్వా జుడుం మొదలైన తరువాత ఆ ప్రాంతంలో గ్రామాలకు గ్రామాలే ఖాళీ అయినాయి. కొందరు శిబిరాలకు చేరారు, కొందరు అడవి దాటి చర్ల, వెంకటాపురం వైపు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. సంతలు మూతపడ్డాయి. కొనేవారు ఊరు విడిచిపోయిన చోట ఎంత మంచి మరకైనా వెల ఉండదు. ఆ రోజులు గడిచిపోయి ఉండవచ్చును. అయినా అక్కడ పెట్టుబడి పెట్టేవాడు డబ్బు త్వరగా తిరిగి రావాలని కోరుకోవడంలో అత్యాశ ఏమీ లేదు. 46 వేలను మూడుతో హెచ్చవేస్తే 1 లక్షా 38 వేలు, నాలుగుతో అయితే 1 లక్షా 84 వేలు.

షావుకారు నాలుగున్నర లక్షలను మూడుగా విభజించి చెప్పాడు: యంత్రాలకు రెండు లక్షలు, షెడ్డు, స్థలం కలిపి లక్షన్నర, పేరుకు లక్ష. యంత్రాల మాట నాకు తెలిసిన విద్య. నడుస్తున్న స్థితిలో అవి రెండు లక్షలు చేయవచ్చును. అయితే వ్యాపారం సాగక, పునాదుల నుండి విప్పి ట్రాక్టరులో వేసి అమ్మవలసి వస్తే 1 లక్షా 10 వేలకు మించి రావు. షెడ్డు రేకులు, దూలాలు విప్పితే మరొక 15 వేలు. కావున ఎంత చెడినా చేతికి వచ్చేది 1 లక్షా 25 వేలు. దీనిని నేను అడుగు మట్టం అంటాను.

స్థలం సంగతి విచారిస్తే అది షావుకారుది కానే కాదని తేలింది. ఒక స్థానిక కుటుంబం పట్టా భూమిలో, మాట మీద, ఏడాదికింత అని ఇచ్చి షెడ్డు వేసుకున్నాడు. బస్తర్ ఐదవ షెడ్యూలు ప్రాంతం. అక్కడ అమలులో ఉన్న 1959 నాటి భూ రెవెన్యూ నియమావళి 165వ సెక్షన్ ఆదివాసీ భూమి ఆదివాసేతరులకు బదిలీ కాకుండా నిషేధిస్తుంది. మన తెలంగాణ, ఆంధ్ర ఏజెన్సీలలో 1959 నాటి ఒకటవ రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ ఎటువంటివో ఇదీ అటువంటిదే. షావుకారుకు లేని హక్కును ఆయన అమ్మలేడు. మన కుర్రవాడు ఆదివాసీయే అయినప్పటికీ, ఆ భూమికి ధర చెల్లించవలసి వస్తే పట్టాదారుకు చెల్లించాలే గాని షావుకారుకు కాదు. లక్షన్నర పద్దులో రేకులు, దూలాలు తప్ప మరేమీ మిగలలేదు. ఏజెన్సీ ప్రాంతాలలో దుకాణమో, మరో కొనదలచిన పాఠకులు ఈ ఒక్క విషయం పట్వారీ దగ్గర విచారించుకోకుండా బయానా ఇవ్వవద్దు.

ఇక మిగిలినది పేరు. ఇక్కడ నాకు పాఠం చెప్పినది కుర్రవాని తల్లి. మేము కాగితాల మీద లెక్కలు వేస్తుండగా ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ వింటున్నది. కొంతసేపటికి తన భాషలోనూ తెలుగులోనూ కలిపి, "బాబూ, ఈ మరకు ఎన్ని పల్లెలు వస్తాయో లెక్క వేశారా?" అని అడిగింది. వేయలేదు. ఆమె వ్రేళ్ళ మీద లెక్కించింది. మునుపు పదకొండు పల్లెల నుండి గంపలు వచ్చేవి. ఇప్పుడు నాలుగు పల్లెల వారు రావడం లేదు. రెండింటిలో ఇంటి కరెంటు మీద నడిచే చిన్న మరలు వచ్చాయి. తక్కిన రెండు పల్లెలలో ధాన్యం నేరుగా సొసైటీకి పోతున్నది. "రేషను బియ్యం ఊరికే వస్తుంటే ధాన్యం దంచుకునేది ఎవరు? అమ్ముకుంటున్నారు" అన్నది.

ఆమె మాటలకు వెనుకనున్న లెక్కలు అందరికీ తెలిసినవే. 2023 జనవరి నుండి ఆహార భద్రతా చట్టం క్రింద బియ్యం ఉచితం. 2023–24 ఖరీఫ్ నుండి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎకరానికి 21 క్వింటాళ్ళ వరకు ధాన్యానికి క్వింటాలుకు 3,100 రూపాయలు రైతు చేతికి వచ్చేటట్లు చేసింది. రైతుకు మేలే. హల్లరు మరకు మాత్రం అది మరొక విధంగా పరిణమిస్తుంది. నేను చూచిన చిట్టా అంతకు ముందటి సంవత్సరానిది. షావుకారు దానిని చూపించడంలో మోసం ఏమీ లేదు. అయితే మనం కొంటున్నది రాబోయే సంవత్సరాలను. గడచిపోయిన వాటిని ఆయన ఎప్పుడో ఖర్చు పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మరొకసారి కూర్చున్నాను. మొత్తం రాబడి నూటికి పది వంతులు తగ్గితే ఏమగునో చూడదలచాను. 36 వేల రాబడి పోతుంది. మర తక్కువ తిరుగుతుంది కనుక డీజిలులో 8,400 కలిసి వస్తుంది. తక్కిన ఖర్చులు తగ్గవు. సహాయకుడు, మరమ్మతులు, జీతం, తరుగుదల అన్నీ యథాతథం. నికరంగా 27,600 నష్టం. 46 వేల మిగులు 18,400కు దిగిపోతుంది. రాబడిలో పదోవంతు తరిగితే మిగులులో నూటికి అరవై వంతులు తరిగిపోయాయి. చిన్న వ్యాపారాలన్నింటి బలహీనత ఇక్కడే ఉంటుంది. నాలుగు సంవత్సరాల హెచ్చవేత మాట అంతటితో మానుకున్నాను.

ఇంతలో కుర్రవానికి మరొక ఆలోచన వచ్చింది. పాతది కొనడమెందుకు, కొత్తదే పెడితే సబ్సిడీ వస్తుంది కదా అన్నాడు. ఆలోచన తీసిపారవేయదగినది కాదు. 2008లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ద్వారా అమలయ్యేది, గ్రామీణ ప్రాంతంలో గిరిజన అభ్యర్థికి ప్రాజెక్టు వ్యయంలో నూటికి 35 వంతులు సబ్సిడీ ఇస్తుంది. స్వంత వాటా 5 వంతులు చాలు. ఆ సబ్సిడీ సొమ్ము మూడు సంవత్సరాలు బ్యాంకులోనే నిలిచి ఉండి, యూనిట్ నడుస్తున్నదని తేలిన తరువాత ఋణానికి జమ అవుతుంది. అయితే ఆ సహాయం కొత్త యూనిట్లకే. షావుకారు మర కొంటే రాదు.

ఆరు లక్షల వ్యయంతో రబ్బరు రోలరు గల కొత్త మర పెడతాడనుకుందాము. సబ్సిడీ 2 లక్షల 10 వేలు, స్వంత వాటా 30 వేలు. అప్పుగా నిలిచేది 3 లక్షల 60 వేలు. నూటికి 11 వడ్డీతో ఐదు సంవత్సరాలకు నెల వాయిదా సుమారు 7,800 రూపాయలు. జూలై నెలలో 12 వేలు వచ్చే మరలో నుండి 7,800 బ్యాంకుకు కట్టి, డీజిలు పోసి, ఇంట్లో పొయ్యి వెలిగించాలి. కొత్త మర మంచి బియ్యం ఇస్తుంది, నూక తక్కువ. నేనూ ఇంజనీరునే కనుక నాకూ దాని మీదే మోజు. కాని పదకొండు పల్లెలు ఏడుగా తగ్గిన చోట ఆరు లక్షల యంత్రం ఏమి ఆడించాలి? సబ్సిడీ ఎక్కువ వచ్చే వైపుకు మనస్సు మొగ్గడం సహజం. ఎంతమంది మిత్రులు సబ్సిడీ మాట విని అవసరానికి మించిన యంత్రాలు తెచ్చి షెడ్లలో తుప్పు పట్టించారో నాకు తెలుసు, వారి పేర్లు ఇక్కడెందుకు.

చింతపండు సంగతి కూడా ఆలోచించాము. 2018 ఏప్రిల్ 14న ప్రధానమంత్రి తొలి వన్‌ధన్ వికాస కేంద్రాన్ని ప్రారంభించినది ఈ బీజాపూర్ జిల్లాలోనే. 300 మంది ఆదివాసీ లబ్ధిదారులకు 43 లక్షల 38 వేల వ్యయంతో చింతపండు దిమ్మలు చేయడం, ఇప్పపువ్వు నిల్వ, సారపప్పు శుభ్రపరచి పొట్లాలు కట్టడం దానిలో ముందుగా చేపట్టిన పనులు. తల్లి చేతిలో ఉన్న పనే కనుక కుర్రవానికి ఆశ కలిగింది. ముక్కంత కాయను నూరు కిలోలు తీసుకుంటే రమారమి 55 కిలోల గుజ్జు, 34 కిలోల గింజ, 11 కిలోల పెంకు, నార వస్తాయి. గింజ కూడా వ్యర్థం కాదు, దాని పిండి నూలుకు గంజి పెట్టే పరిశ్రమలకు పోతుంది. అయితే ఇక్కడ ఒక భేదం గమనించవలసియున్నది. మరలో ఆడేది ఇతరుల ధాన్యం. మన డబ్బు సరుకులో చిక్కుకోదు. చింతపండు అట్లా కాదు. రెండు మూడు నెలలలో కొని, సంవత్సరం పొడవునా అమ్ముకోవాలి. గింజతో ఉన్న చింతపండు కనీస మద్దతు ధరను 2020లో కిలోకు 31 నుండి 36 రూపాయలకు పెంచారు. ఆ ధరకే లెక్కించినా పది క్వింటాళ్ళకు 36 వేలు సరుకు రూపంలో కూర్చుంటాయి. ముందు మర నిలద్రొక్కుకున్న తరువాత, తల్లి సంఘంతో కలిసి, కొద్దిగా మొదలు పెట్టమన్నాను.

మర్నాడు షావుకారుతో మాట్లాడాము. లెక్కలన్నీ ఆయన ముందే ఉంచాను. జీతం పద్దు చూచి ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నాడు. "ఇరవై ఆరు సంవత్సరాలు నేను నా దగ్గరే కూలి చేశానన్నమాట" అన్నాడు. ఆ మాటకు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆయనకు కోపం కూడా వచ్చింది. రెండు రోజులు మాటలు సాగలేదు. చివరకు 1 లక్షా 55 వేలకు కుదిరింది. ఇందులో 1 లక్షా 25 వేలు ముందుగా. తక్కిన 30 వేలు పేరుకు గాను, వచ్చే రెండు కోతల తరువాత పదిహేనేసి వేలుగా. షావుకారు మార్చి నెలాఖరు వరకు కుర్రవానితో కలిసి మరలో కూర్చోవాలి. వచ్చిన ప్రతి గంపవారికీ ఇతడే ఇకపై యజమాని అని తన నోటితో చెప్పాలి. ఉసూర్ బ్లాకులో మరొక మర పెట్టరాదన్న వాక్యం స్టాంపు కాగితం మీద వ్రాయించాను. "ఈ వయస్సులోనా?" అని ఆయన నవ్వాడు. నవ్వినా సరే, వ్రాయించాను. అరువు పద్దులో ఉన్న బాకీలను మేము కొనలేదు. అవి ఆయనే వసూలు చేసుకున్నాడు. పట్టాదారు కుటుంబంతో అద్దె ఒప్పందం వేరుగా వ్రాతపూర్వకంగా జరిగింది.

డబ్బు సంగతి. వానాకాలం నాలుగు నెలలూ రాబడి 48 వేలు. డీజిలుకు 14 వేలు, తీరిక రోజులలోనే చేయించుకునే మరమ్మతులకు 15 వేలు, ఇంటికి నెలకు 12 వేల వంతున 48 వేలు. 29 వేలు తక్కువ పడుతుంది. కావున మరకు ఇచ్చే 1 లక్షా 25 వేలతో పాటు మరొక 30 వేలు చేతిలో లేకుండా తాళాలు తీసుకోవద్దని పట్టుపట్టాను. మిరప తోటల కూలి, తునికాకు డబ్బు, తల్లి సంఘంలో పొదుపు, తండ్రి దాచినది అన్నీ కలిపి 1 లక్షా 5 వేలు తేలాయి. 2015లో వచ్చిన ముద్ర పథకంలో శిశు తరగతి క్రింద హామీ లేకుండా 50 వేలు బ్యాంకు ఇచ్చింది. ఆ కుటుంబం వద్ద ఇక వెనుక నిలిచినది ఏమీ లేదు. ఆ సంగతి తెలిసి, ఈ కాగితం మీద కూడా సంతకం చేయమని కుర్రవాడు అడిగినప్పుడు నా చేయి కొంత తడబడింది.

2024 సెప్టెంబరులో అతడు చిట్టా పేజీలను ఫోటో తీసి పంపాడు. జూన్‌లో 11,200. జూలైలో 9,400. ఆగస్టులో 10,100. నేను అనుకున్న 12 వేలకు మూడు నెలలూ తగ్గాయి. కారం మర మాత్రం అనుకున్నదానికంటె ఎక్కువ తిరిగింది. ఏడు పల్లెలలో ఏడూ వస్తున్నాయట, పోయిన వాటిలో ఒక పల్లె నుండి పదిహేను ఇళ్ళవారు మళ్ళీ వచ్చారట. వాళ్ళ చిన్న మరలో నూక ఎక్కువ పడుతున్నదని తల్లి కబురు చేసి పిలిపించిందట. ముప్పై వేల నిల్వలో ఆరు వేలు ఇంకా మిగిలి ఉన్నాయి.

పద్దులన్నీ శుభ్రంగా వ్రాశాడు. డీజిలు, బెల్టు, సహాయకుడు, అద్దె, ముద్ర వాయిదా, తరుగుదల కూడా. జీతం అన్న వరుసకు ఎదురుగా మాత్రం మూడు నెలలూ ఖాళీ. ఫోను చేసి అడిగాను.

"ఎవరికి ఇవ్వాలి సార్? నాకే కదా, ఇంట్లోకే కదా పోయేది" అన్నాడు.

ఇచ్చినా ఇవ్వకపోయినా అంకె వ్రాయమన్నాను. ఇవ్వలేని నెలలో బాకీ అని వ్రాయమన్నాను. సరేనన్నాడు గాని, తరువాత పంపిన పేజీలో ఆ వరుస వెంట పెన్సిలుతో వ్రాశాడు, చెరిపివేయడానికి వీలుగా.

వచ్చే సంచికలో పాఠకులు కోరిన విధంగా, భాగస్వామ్య వ్యాపారంలో ఒకరు విరమించుకుంటే ఆ వాటాకు వెల కట్టడం గురించి ముచ్చటించుకుందాము.